బొడిపె నుంచి కొలిచిన మోకాలిచిప్ప

ముందు పోయినవి లెక్కపెడతాను. ఒక మనిషి కుడి మోకాలి వంపులో ఇరవై అయిదు డిగ్రీలు పోయాయి. ఆ మోకాలిచిప్పకూ, కింది ఎముక పై అంచుకూ మధ్య ఉండాల్సిన సందులో ఏడు మిల్లీమీటర్లు పోయాయి. నేలమీద కూర్చుని రెండు పాదాల మధ్య కొయ్యమొద్దును బిగించి పట్టుకునే పద్ధతి, వాళ్ళ నాయన నేర్పింది, ఆ మనిషికి పోయింది. పదకొండేళ్ళు చేసిన నా ఉద్యోగం పోయింది. లెక్కలు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవన్న పొగరు కూడా పోయింది. ఈ జాబితాలో లాభం కింద రాయదగ్గది ఆ చివరిదొక్కటే. ఆసుపత్రికి ఏం పోయిందని అడుగుతారేమో, ఏమీ పోలేదు. రెండంతస్తుల మీద మూడోది లేచింది.

ఎక్స్‌రే గదుల్లో, రికార్డు గదుల్లో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, ఈ పనిలో ఏం నేర్చుకోవాలి సార్ అని అడుగుతుంటారు. స్కేలు పట్టుకోవడం ఒక్కరోజులో వస్తుంది. దాని సున్నాను ఎక్కడ పెట్టాలో తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో ఫిల్ములు సర్దే పనికి చేరాను. ఇంటర్ తప్పినవాణ్ణి. తప్పింది లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఒక జూనియర్ డాక్టరు ఊరు మారుతూ పాత పుస్తకాలు నాలుగు నా బల్ల కింద పడేసి పోయాడు. బొమ్మలు చూసి, అంకెలు చూసి, మిగిలిన మాటలు నిఘంటువులో వెతికి, ఎముకలను కొలవడం నేర్చుకున్నాను. ఒక ప్లాస్టిక్ స్కేలు, ఒక కోణమాని, ఒక క్యాలిక్యులేటరు, సొంత డబ్బుతో కొన్న పొడుగాటి చిట్టా పుస్తకం. కొన్నాళ్ళకు డాక్టర్లే ఫిల్ము తెచ్చి, "ఇదెంతో చూడవయ్యా" అనేవాళ్ళు. అదే నా పతనానికి నాంది. డిగ్రీ లేనివాడిని డాక్టరు ఒక లెక్క అడిగితే, వాడు ఆ రోజు అన్నం తినకుండానే కడుపు నిండినట్టు తిరుగుతాడు.

మా పెద్ద డాక్టరుకు పేరు తెచ్చింది దొడ్డికాళ్ళ ఆపరేషను. కాళ్ళు బయటికి వంగినవాళ్ళకు ఒంటి బరువంతా మోకాలి లోపలివైపు పడి, అక్కడి గుజ్జు అరిగిపోతుంది. కీలు మొత్తం మార్చేంత వయసు రాకపోతే, మోకాలికి కాస్త కింద కాలి ఎముకను లోపలివైపు నుంచి కోసి, పూర్తిగా తెగనీయకుండా, తలుపు తెరిచినట్టు కొంచెం తెరుస్తారు. ఆ సందు మూసుకోకుండా ప్లేటు వేసి స్క్రూలు బిగిస్తారు. కాలు తిన్నగా అవుతుంది, బరువు బయటివైపుకు జరుగుతుంది. మంచి ఆపరేషనే, నేను కాదనను. లోపలివైపు నొప్పి తగ్గి నడుచుకుంటూ పోయినవాళ్ళను నా కళ్ళతో చూశాను.

గొడవంతా చిప్పతో. చిప్పను పైనుంచి తొడ కండ పట్టుకుని ఉంటుంది. కింది నుంచి ఒక బలమైన స్నాయువు కాలి ఎముకకు కట్టి ఉంచుతుంది. మీ చిప్ప కింద ఒక మూడు నాలుగు వేళ్ళ దూరంలో తడిమి చూడండి, గట్టిగా ఒక బొడిపె తగులుతుంది. ఆ కట్టు అక్కడే. ఆపరేషన్ తర్వాత చిప్ప కిందికి దిగితే, మోకాలు బాగా వంచినప్పుడు, మెట్లు దిగినప్పుడు ముందుభాగం నొప్పెడుతుంది. అందుకని దిగిందో లేదో కొలవాలి. చిప్ప కింది కొస నుంచి బొడిపె దాకా ఉన్న పొడవును చిప్ప పొడవుతో భాగించడం నేను నేర్చుకున్న పద్ధతి. ఫిల్ము చిన్నదిగా తీసినా పెద్దదిగా తీసినా నిష్పత్తి మారదు కాబట్టి అది నాకు మహా గొప్పగా కనిపించింది. ముప్పై ఒక్క మందికి ఆపరేషనుకు ముందూ తర్వాతా కొలిచాను. ఒక్కరికీ మారలేదు. రెండో దశాంశం దగ్గర కాస్త కదిలితే అది నా పెన్సిలు మందం.

ముప్పై ఒక్క కాళ్ళు కోసి తెరిస్తే ఒక్క అంకె కూడా కదలలేదంటే, లెక్క తెలిసినవాడు ముందు స్కేలును అనుమానించాలి. నేనేం చేశానంటే, ఆ పట్టికను ఎర్రసిరాతో గీతలు గీసి గోడకు అంటించాను. చెకప్పుకు వచ్చిన ప్రతివాళ్ళకూ, "మీ చిప్ప కదల్లేదు, ధైర్యంగా ఉండండి" అని చెప్పి పంపేవాణ్ణి. పెద్ద డాక్టరుకు ఆ మాట చెప్పే తీరిక ఉండేది కాదు. నాకు చాలా తీరిక ఉండేది.

మా ఫిజియో అమ్మాయిది చిత్తూరు. నోటికి వచ్చింది అనేస్తుంది. ఒకరోజు నా గోడ పట్టిక చూసి నవ్వింది.

"అన్నా, నీ పుస్తకంలో అందరూ బాగుండారు. నా గదిలోకి వచ్చేసరికి మెట్లు దిగలేమంటారు. నీ గదికీ నా గదికీ మధ్య వరండాలోనే ఏందో అవుతా ఉండాది, సూడు."

"కండ బలం లేక ఆ నొప్పి. నువ్వు సరిగ్గా చేయించు" అన్నాను. ఇంటర్ తప్పిన రికార్డు గుమస్తాను, నాలుగేళ్ళు చదివిన ఫిజియోకు పాఠం చెప్పాను. ఆ అమ్మాయి నా మీద ఫైలు విసరకపోవడం ఆమె మంచితనం.

చెక్కపని ఆయన అప్పుడే వచ్చాడు. శ్రీకాళహస్తి వైపు, కొయ్యబొమ్మలు చెక్కే ఊరు ఆయనది. నలభై ఎనిమిదేళ్ళు. రెండు కాళ్ళూ దొడ్డివే. కుడికాలికి ఆపరేషనై తొమ్మిది నెలలు, ఎడమకాలికి వచ్చే నెలలో చేస్తామన్నారు. కుడికాలు చూడ్డానికి తాటిబద్దలా తిన్నగా ఉంది, లోపలి నొప్పి పోయింది. అయితే నేలమీద కూర్చుని పాదాలు దగ్గరికి తెస్తే మోకాలి ముందు భాగంలో పొడిచినట్టు ఉంటోందట. అంతకు ముందు నూట ముప్పై అయిదు డిగ్రీలు వంగిన కాలు ఇప్పుడు నూట పది దగ్గర ఆగుతోంది. పెద్ద డాక్టరు ఫిల్ము చూశాడు, నా పుస్తకం తెప్పించి చూశాడు, "ఎముక అతికింది, చిప్ప ఉన్నచోటే ఉంది, నొప్పి నీ మనసులో ఉంది" అన్నాడు.

ఆయన తిన్నగా నా గదికి వచ్చాడు.

"ఏంది సామీ, మనసులో నొప్పంట. నేను కాలు మడిసి కూసుంటానా, మనసు మడిసి కూసుంటానా?"

పుస్తకం తెరిచి చూపించాను. ముందు ఒకటి పాయింట్ సున్నా అయిదు, తర్వాత ఒకటి పాయింట్ సున్నా అయిదు.

"రెండూ ఒకటే గదా" అన్నాడు.

"అదే కదా మేము చెప్పేది."

"యాణ్ణించి యాడికి కొలిస్తివి?"

ఫిల్ము మీద స్కేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. రెండు ఫిల్ములనూ ఫోన్లో ఫొటో తీసుకుని లేచి పోయాడు. వెళ్ళేటప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని లేవడం చూశాను. చూసి, ఫైలు మూసేశాను.

పది రోజుల తర్వాత గుడ్డసంచితో వచ్చాడు. నా బల్ల మీది కాగితాలు మోచేత్తో పక్కకు నెట్టి, వేపకొయ్యతో చేసిన కాలు ఒకటి పెట్టాడు. తొడ ఎముక ఒకటి, కాలి ఎముక ఒకటి, వాటి మధ్య చింతగింజను పెద్దది చేసినట్టు ఒక చిప్ప. చిప్ప నుంచి గట్టి పురికొస, కాలి ఎముక ముందు కొట్టిన మేకుకు బిగించి ఉంది. మేకు మన బొడిపె అన్నమాట. మేకుకు పైన, లోపలివైపు నుంచి రంపంతో సగానికి పైగా కోసి ఉంచాడు.

"దారం కొలువప్పా."

కొలిచాను. నలభై ఆరు.

ఒకవైపు మందం, ఒకవైపు పలచన ఉన్న చిన్న కొయ్యముక్కను ఆ కోతలోకి సుత్తితో తట్టి దించాడు. సందు తెరుచుకుంది.

"ఇప్పుడు కొలువు."

"నలభై ఆరు."

"చిప్ప కొలువు."

"అదెందుకు మారుతుంది?"

"ఆఁ. దారమూ మారదు, చిప్పా మారదు. నువ్వు కొలిసేది ఆ రెండిటినే. ఆపరేషన్‌లో ఆ రెండిటినీ ఎవురూ ముట్టుకోనే లేదు గదప్పా. ముట్టుకున్నది పీటని." కాలి ఎముక పైనున్న చదును భాగాన్ని వేలితో తట్టాడు. "పీట పైకి లేసింది. దాని మీది తొడ ఎముక గూడా లేసింది. చిప్పను మాత్రం మేకు కిందికి పట్టుకోనుండాది. సందు సూడు. యాడికి పోయింది?"

చూశాను. కొయ్యముక్క లేనప్పుడు చిప్పకూ పీటకూ మధ్య నా చిటికెన వేలు పట్టేది. ఇప్పుడు పట్టలేదు.

సంచిలోంచి రెండోది తీశాడు. అందులో కోత మేకుకు కింది నుంచి పోయింది. కొయ్యముక్క దించితే పీటా, మేకూ, చిప్పా కలిసికట్టుగా లేచాయి. సందు ఉన్నంతే ఉంది.

"ఇట్ల కొయ్యొచ్చునేమో నాకు తెలీదు. నేను కొయ్యకు డాక్టర్ని. మీ డాక్టరుకు తెలుసునా?"

డాక్టరుకు తెలుసు. పుస్తకంలో ఉంది, నాకూ తెలిసి ఉండాలి. బొడిపె పైనుంచి కోసి తెరిస్తే చిప్ప దిగినట్టవుతుంది. బొడిపె కింది నుంచి కోస్తే ఉన్నచోటే ఉంటుంది. బయటివైపు నుంచి ముక్క తీసేసి మూసే పాత పద్ధతిలో అయితే తలకిందులు, చిప్ప పైకి పోయినట్టవుతుంది. నేను వాడిన నిష్పత్తికి ఇవన్నీ కనబడవని, పీట అంచు నుంచి కొలిచే ఇంకో నిష్పత్తి కావాలని కూడా తర్వాతి పేజీలోనే ఉంది. ఆ పేజీ నేను చదివాను. కాని ఫిల్ములో పీట ముందు అంచు మసకగా ఉంటుంది, దొరకబుచ్చుకోవడం కష్టం. బొడిపె అయితే స్పష్టంగా కనిపిస్తుంది. సులువుగా కనిపించేదాన్ని కొలిచి, దాన్నే సత్యమని గోడకు అంటించాను. లెక్కల్లో తప్పు చేయలేదు, భాగహారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఎడమకాలు గూడా ఇట్లనే కోస్తారా?" అన్నాడాయన. ఆయన వచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసం. కుడికాలికి ఏం జరిగిందో ఆయనకు అర్థమైపోయింది. కొయ్యను పట్టుకునే పాదాల్లో రెండోదైనా మిగులుతుందా లేదా అన్నదే ఇక మిగిలిన సంగతి.

"నేను డాక్టరుతో మాట్లాడతాను" అన్నాను.

ఆ వారం ముప్పై ఒక్క మంది ఫిల్ములూ కిందికి దించి, పీట అంచు నుంచి మళ్ళీ కొలిచాను. రెండు పనికిరాలేదు, కాలు వంచిన కోణం తేడాగా ఉంది. మిగతా ఇరవై తొమ్మిదీ దిగాయి. కొన్ని కొంచెం, కొన్ని ఎక్కువ. చెక్కపని ఆయనకు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సందు ఇరవై ఒకటి అయింది. ఆ సందును భాగించాల్సిన చిప్ప లోపలి నునుపుభాగం ముప్పై రెండు. సున్నా పాయింట్ ఎనిమిది ఎనిమిది ఉన్నది సున్నా పాయింట్ ఆరు ఆరుకు పడింది.

పట్టిక తీసుకుని పెద్ద డాక్టరు గదికి పోయాను. ఆయన ఒక సభకు సిద్ధమవుతున్నాడు. మన జిల్లాల ఎముకల డాక్టర్లందరూ వచ్చే ఆదివారం ఒక హోటల్లో కలుస్తున్నారు. 'మా చేతిలో చిప్ప కదలదు' అన్నది ఆయన ఉపన్యాసం. సాక్ష్యం నా పాత పట్టిక.

"నార్మల్ ఎంతవరకయ్యా?" అన్నాడు కాగితం చూసి.

"సున్నా పాయింట్ ఆరు దాకా దిగొచ్చు సార్."

"ఇతనిది?"

"సున్నా పాయింట్ ఆరు ఆరు."

"మరి నార్మలే కదా. నార్మల్‌గా ఉన్నవాడికి నొప్పి ఉంటే నేనేం చేసేది?"

"ఏడు మిల్లీమీటర్లు దిగింది సార్. మిగతా అందరికీ దిగింది. బొడిపె కింద నుంచి కోస్తే..."

"ఇంకో స్క్రూ, ఇంకో ఇరవై నిమిషాలు. నువ్వెంతవరకు చదివావు?"

"ఇంటర్ సార్."

"పాసా?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆయన నవ్వి, "సభ కానివ్వవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ నవ్వులో కోపం కూడా లేదు. గోడ మీది బల్లి మాట్లాడితే మనం ఎంత ఆశ్చర్యపడతామో అంతే ఉంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ నొప్పికి చిప్ప దిగడమే కారణమని నా ఏడు మిల్లీమీటర్లు రుజువు చేయవు. ప్లేటు గుచ్చుకుని ఉండొచ్చు, కండ తగ్గి ఉండొచ్చు. కాని 'కదలలేదు' అన్నది అబద్ధం. ఆ అబద్ధం మీద నిలబడి రెండో కాలు కోయబోతున్నారు. సోమవారం ఉదయం ఆపరేషను. ఆదివారం మధ్యాహ్నానికి చేరమన్నారు. శనివారం చెక్కపని ఆయన ఫోన్ చేస్తే, "రేపు సభలో అందరి ముందూ చెప్తాను" అన్నాను. కొత్త పట్టికను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

హోటల్ హాల్లో చలి. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. పెద్ద డాక్టరు అద్భుతంగా మాట్లాడాడు. తెర మీద నా ఎర్రగీతల పట్టిక కనిపిస్తే, నిజం చెబుతున్నాను, గుండె ఉప్పొంగింది. తప్పని తెలిసీ ఉప్పొంగింది. చివర్లో ఒక చిన్న వయసు డాక్టరమ్మ లేచి, "ఏ కొలత వాడారు సార్?" అని అడిగింది.

"మా కొలతల మనిషే వచ్చాడు. చెప్పవయ్యా" అన్నాడాయన నా వైపు చెయ్యి చూపి. మైకు నా చేతికొచ్చింది.

"బొడిపె నుంచి కొలిచారా, పీట అంచు నుంచా?" అందామె. 'పీట' అనలేదు, ఇంగ్లీషు మాట అంది. నాకు వినిపించింది మాత్రం పీటే.

"బొడిపె నుంచి మేడమ్."

"అయితే మారదు కదా?"

"మారదు మేడమ్."

నిజమే చెప్పాను. అడిగినదానికి అడిగినంత, ఒక్క అక్షరం తప్పులేదు. జేబులో కాగితం ఉంది. ఇంకొక్క వాక్యం చాలు. నోట్లోకి వచ్చిన ఆ వాక్యాన్ని లాలాజలంతో పాటు మింగేశాను. ఆమె ఒక క్షణం నా వంక చూసి కూర్చుంది. వేదిక మీదాయన "భోజనాలు సిద్ధం" అన్నాడు. ఆ హాల్లో అరవై మంది దాకా ఎముకల డాక్టర్లున్నారు. ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ అర్థం తెలియనివాళ్ళు ఒక్కరూ ఉండరు. తలుపు దగ్గర తోపులాట జరిగింది. గుత్తివంకాయ బాగుందన్నారు. నేను కూడా రెండుసార్లు వేయించుకున్నాను.

నాలుగింటికి ఆసుపత్రికి పోయాను. చెక్కపని ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య టిఫిను గిన్నె కడుగుతోంది. ఎడమకాలి మీద అప్పటికే నీలం సిరాతో గుర్తు పెట్టారు, బొడిపెకు పైన.

"చెప్పినావా అబ్బా?"

"లేదు."

ఆయన భార్య అంది. "ఇంత చదువుకున్నోళ్ళ మధ్యలో ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా నీకు? మా ఇంటాయన నీ మాట పట్టుకునే మంచమెక్కినాడే!"

జేబులోంచి పట్టిక తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన అంకె మీద వేలు పెట్టి చూపించాను. "నీ కుడికాలికి ఏడు మిల్లీమీటర్లు దిగింది. రేపు గుర్తు పెట్టినచోటే కోస్తే ఎడమకాలికీ దిగుతుంది. ఎంతని నేను చెప్పలేను. దిగుతుందని మాత్రం చెప్పగలను. నీకు ముందు చెప్పింది తప్పు."

"ఏడంటే..." బొటనవేలి గోరు మీద కొలుచుకున్నాడు. "జానెడు బొమ్మలో ముక్కు అంత. ముక్కు లేకుండా బొమ్మ ఇస్తే మీ డాక్టరు తీసుకుంటాడా, నార్మలేనని?"

మంచం దిగాడు. తువ్వాలు తడిపి నీలం గుర్తు గట్టిగా రుద్దాడు. పూర్తిగా పోలేదు. లుంగీ దించుకుని, భార్య భుజం పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే పక్కకు తిరిగి దిగిపోయాడు. మరునాడు పదిన్నరకు నా ఉద్యోగం పోయింది. రోగిని పారిపోయేలా చేశానట. పారిపోయేంతగా మోకాలు వంగి ఉంటే ఆ మనిషి పారిపోయేవాడే కాదు. చిట్టా పుస్తకం నా సొంత డబ్బుతో కొన్నది కాబట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఫిజియో అమ్మాయి గేటు దాకా వచ్చి, "అన్నా, వరండాలో ఏం జరగతా ఉండాదో ఇప్పటికి తెలిసిందే" అని, నవ్వబోయి మానేసింది.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలో బొడిపె కింది నుంచే కోస్తున్నారని విన్నాను. ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదట. అడిగితే, మొదటి నుంచీ అంతే అని చెబుతారు. చెప్పగలరు.

కొన్ని నెలలకు చెక్కపని ఆయన ఊరికి పోయాను. ఎడమకాలు అలాగే వంకరగా ఉంది, లోపల నొప్పీ ఉంది, కాని నేలమీద మడుస్తున్నాడు. కుడికాలు చాపుకుని, ఆ పాదం ఉండాల్సిన చోట నేలలో ఒక దిమ్మ పాతుకున్నాడు. ఎడమ పాదానికీ ఆ దిమ్మకూ మధ్య మొద్దు బిగించి చెక్కుతున్నాడు. పని సగానికి సగం తగ్గిందన్నాడు. వేరే ఊళ్ళో డాక్టరు మంచి పద్ధతిలో చేస్తానన్నాడట. ఈయనకు ఇంకా ధైర్యం చాలలేదు.

"నాకు చెప్పినావు, సరే. ఆలస్యంగా చెప్పినా చెప్పినావు" అన్నాడు ఉలి ఆపకుండానే. "మిగతావోళ్ళకు? కదల్లేదు, ధైర్యంగా ఉండు అని ఎంతమందికి చెప్పి పంపినావు?"

ఆ ప్రశ్న అడగడానికి చిట్టా పుస్తకం అక్కర్లేదు. జవాబు చెప్పడానికి కావాలి.

ఇంటికొచ్చి, చిట్టాలో రాసుకున్న నంబర్లకు ఫోన్లు మొదలుపెట్టాను. మీకు అప్పుడు చెప్పిన కొలత తప్పు, ముందుభాగం నొప్పి ఉంటే మనసులోది అనుకోకండి, వేరే డాక్టరుకు చూపించండి, రెండో కాలు చేయించుకోబోతే కోత ఎక్కడని అడగండి. ఇంతే. కొందరు తిట్టారు. ఒకాయన, "బాగా నడుస్తున్నా, నాకు లేని రోగం అంటగట్టొద్దు" అని పెట్టేశాడు. చంద్రగిరి నుంచి ఒకామె ఏడ్చింది. రెండేళ్ళుగా ఇంట్లోవాళ్ళు తనను దొంగ నొప్పులదని అంటున్నారట. పోయి ఆ ఇంట్లోవాళ్ళ ముందు ఆమె దగ్గరున్న ఫిల్ము పెట్టి, స్కేలు పెట్టి, సున్నా పీట అంచు మీద పెట్టి చూపించి వచ్చాను.

ముప్పై ఒక్క మందిలో ఇరవై ఇద్దరికి చెప్పాను. నలుగురి నంబర్లు మారిపోయాయి. ముగ్గురు ఎత్తరు. ఇద్దరి పేర్ల పక్కన నంబరే రాసుకోలేదు, ఎందుకంటే వాళ్ళ చిప్ప కదలలేదని అప్పుడు నాకు గట్టి నమ్మకం. ఈ రోజుకు ఇంకా తొమ్మిది మంది.